వెచ్చగా ఉందా, అన్నయ్యగారూ?

కార్తీక బహుళ విదియ

నెగళ్ళపాడులో ప్రతి ఇల్లూ చలికాలం రాత రాయాలి. మంచు కరిగాక అవన్నీ సభ ఇంట్లో పెడతారు. వచ్చే ఏడు కొండెక్కి వచ్చే కొత్తవాళ్ళు వాటిని చదువుకుని, పొయ్యి ఎలా వెయ్యాలో, కప్పు మీద మంచు ఎలా తొయ్యాలో నేర్చుకుంటారు. పోయిన ఏడు నేను నాలుగు ముక్కలు గీకి ఊరుకున్నాను. ఈసారి వివరంగా రాస్తాను. నా పేరు అసిరి. పుట్టగొడుగుల షెడ్డులో పని. ఒంటిదాన్ని. కోపిష్టిదాన్నని ఊళ్ళో పేరుంది, ఆ పేరు ఊరికే రాలేదు.

ఇవాళ తొలి మంచు పడింది. తొలి మంచు నాడు మా ఊళ్ళో జంటలు కలుపుతారు. పెళ్ళి జంటలు కాదు, పొయ్యి జంటలు. ఇక్కడ ఇళ్ళన్నీ రెండేసి కలిపి కట్టినవి, మధ్యలో ఒకటే గోడ. నా పొయ్యిలో పొగ గోడలోంచి అవతలికి పోయి, పక్కింటివాళ్ళ పడక తిన్నె కిందుగా పారి, వాళ్ళ గొట్టంలోంచి పైకి పోతుంది. వాళ్ళ పొగ అలాగే నా తిన్నె కిందకి వస్తుంది. ఎవరి పక్క వాళ్ళు వెచ్చబెట్టుకునే వీలు లేదు. మొదట్లో వచ్చినవాళ్ళు ఎవరి కట్టె వాళ్ళు దాచుకుని ఒక్కొక్కరే బిగుసుకుపోయారట. అది చూసి జగ్గమ్మ ఇళ్ళు ఇలా కట్టించింది. ఆవిడ ఈ ఊరికి పెద్ద, అందరికంటే ముందు కొండెక్కిన మనిషి. దీన్ని మేం నిప్పు వియ్యం అంటాం. జంట కుదిరినవాళ్ళు వియ్యాలవారి వరసల్లో పిలుచుకోవాలి. ఒకరినొకరు ఆటపట్టించుకోవడం కూడా మర్యాదలో భాగమే.

నా పక్క ఇల్లు ఈ ఏడు ఖాళీగా ఉంది. కొత్తగా వచ్చిన ఒక మనిషికీ అతని కూతురికీ చీటీలో ఆ ఇల్లు పడింది. సభ ఇంట్లో అంబలి తాగడానికి అతను మఫ్లరు కిందకి లాగాడు. గడ్డం నెరిసింది, చెంపలు లోపలికి పోయాయి. అయినా పోల్చుకున్నాను. చేతిలో గిన్నె బల్ల మీద పెట్టేశాను.

ఇంకో కట్టుబాటు ఉంది. కొత్తవాళ్ళ పాత సంగతులు మంచు కరిగేదాకా ఎవరూ ఎత్తకూడదు. కొండెక్కినవాళ్ళకి ఇది కొత్త పుట్టుక అంటుంది జగ్గమ్మ. నేను వచ్చినప్పుడు నాకూ ఆ మర్యాద దక్కింది, అప్పుడు బాగానే అనిపించింది. ఇవాళ ఆ మాట వింటే ఒళ్ళు మండిపోయింది. ఈ జంట నీకు సమ్మతమేనా అని జగ్గమ్మ అడిగింది. సమ్మతమే అన్నాను. ఎందుకన్నానో ఆవిడకి తెలియదు.

అతని పేరు గవరయ్య. కూతురు కుమారి. నేను ఇకమీదట అతన్ని అన్నయ్యగారూ అని పిలవాలి.

కార్తీక బహుళ పంచమి

చదివేవాళ్ళు తికమక పడకుండా ఆ సంగతి ఇక్కడే రాస్తాను.

మా అమ్మ చిన్నప్పుడు ఎండలకి జనం రాలిపోయేవారట. అందుకని ఎండకి అడ్డంగా ఆకాశంలో తెర కట్టారు. కట్టడం తెలిసింది గానీ దించడం ఎవరికీ చేతకాలేదు. సముద్రం ఒడ్డున కూడా మంచు పడడం మొదలయ్యాక జనం కింద ఊళ్ళు వదిలి కొండల మీదకి ఎక్కారు, ఇక్కడ కట్టె ఉంది కాబట్టి. ఘాటు దగ్గర తీగ మీద వేలాడుతూ కొండెక్కే తీగబండి ఉండేది. రెండేళ్ళ కిందట నేనూ మా తమ్ముడు సూరిబాబూ అందులో కొండెక్కాలనే వచ్చాం. కింది మెట్టు దగ్గర తోపులాట జరుగుతుంటే సూరిబాబు ఆడవాళ్ళనీ పిల్లల్నీ ముందు ఎక్కించాడు, నన్ను కూడా బలవంతంగా తోశాడు. చివరి బండికి తను ఒక్కడే మిగిలాడు. మిగిలినవాళ్ళు దీపం ఊపితే పైనుంచి బండి పంపాలి, అదీ పద్ధతి.

పైన మర తిప్పేవాడు గవరయ్య. నేను అతని గది అద్దంలోంచి కిందకి చూస్తూనే ఉన్నాను. దీపం ఊగింది. చాలాసేపు ఊగింది. ఆ బండి ఒక్కటి పంపమని బతిమాలాను. కరెంటు తక్కువుంది, లోపల పిల్లలున్నారు అన్నాడు. పిల్లలు పక్కన హాల్లో చలికి ముడుచుకుని ఉన్నారు. అతని వెనక, అతని గదిలో, హీటరు ఎర్రగా కాలుతోంది.

తెల్లారాక, చలికి బిగుసుకుపోయిన సూరిబాబుని తెచ్చారు. విచారణకి వచ్చినవాళ్ళతో గవరయ్య దీపం కనపడలేదన్నాడు. అద్దానికి మంచు పట్టింది, ఈవిడకి మాత్రం ఎలా కనపడుతుంది అన్నాడు. ఆ మాటే నిలబడింది. తాగి దీపం వెలిగించడం మర్చిపోయుంటాడని మా తమ్ముడి గురించి జనం చెప్పుకున్నారు. వాడు జన్మలో చుక్క ముట్టలేదు.

బండి రోజునా, విచారణలోనూ నేను తలపాగా, ముసుగూ వేసుకుని కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా ఉన్నాను. గవరయ్య నన్ను గుర్తుపట్టలేదు. నాకేం కావాలో కూడా రాసేస్తాను. వాడు చలికి చావాలి.

పొయ్యి పైన ఒక రేకు మూత ఉంటుంది. దాన్ని ఇటు తిప్పితే పొగ గోడలోకి పోతుంది, అటు తిప్పితే నేరుగా పైకి పోతుంది. బూడిద తీసేటప్పుడు తప్ప దాన్ని అటు తిప్పకూడదు. నేను తిప్పాను. మొత్తం కాదు, మూడొంతులు. మొత్తం తిప్పితే గోడ తాకి ఎవరైనా కనిపెట్టేస్తారు.

మార్గశిర శుద్ధ సప్తమి

పొద్దున్నే కప్పు మీద మంచు తోశాను. కరెంటిచ్చే ఎండపలకలు తుడిచాను. షెడ్డుకి వెళ్ళేముందు గవరయ్య గుమ్మం దగ్గర ఆగి, వియ్యపురాలి మర్యాద ప్రకారం అడిగాను.

"వెచ్చగా ఉందా, అన్నయ్యగారూ?"

"ఉన్నాది చెల్లెమ్మా. నీ చలవ."

కొత్తవాళ్ళు ఫిర్యాదు చెయ్యరు, అది నాకు తెలుసు. ఆ మొహమాటమే నాకు పనికొచ్చింది. రోజూ అడుగుతున్నాను, రోజూ అదే జవాబు. ఆ నవ్వు ఎన్నాళ్ళుంటుందో చూద్దామనుకున్నాను.

నన్ను చిరాకు పెడుతున్నది ఒకటే. నా తిన్నె మాత్రం కాలిపోతోంది. వాడు పొయ్యి బాగా వేస్తున్నాడు, ఎండు సరుగుడు కట్టె, మూత గోడ వైపు పూర్తిగా తెరిచి. మొదటి రోజులు వాడి వేడి మీద పడుకోవడం ఇష్టం లేక నేల మీద చాప వేసుకున్నాను. నడుం పట్టేసింది. నా నడుం విరగ్గొట్టుకుంటే వాడికేం నష్టమని మళ్ళీ తిన్నె ఎక్కాను. వాడి నిప్పు కూడా అందరి నిప్పులాగే వెచ్చగా ఉంటుంది. అది మరీ కడుపుమంట.

కుమారిని నా షెడ్డులోనే పనికి పెట్టారు. గలగలా మాట్లాడుతుంది. నన్ను అత్తా అంటుంది. అత్తా, మా నాన్నని మీరు ఆటపట్టించడం లేదేం, అందరి వియ్యపురాళ్ళూ అల్లరి చేస్తున్నారు, మీరొక్కరే అంత మర్యాదగా మాట్లాడుతున్నారు అంది. నాకు అల్లరి రాదు అన్నాను. పని త్వరగా పట్టుకుంది. గంపల అడుగున గడ్డి ఎంత తడిపారో చేత్తో చూసి చెప్పేస్తోంది. ఆ మనిషికి ఈ పిల్ల ఎలా పుట్టిందో అర్థం కాదు.

మార్గశిర పౌర్ణమి

మంచు ఆగకుండా పడింది. వీధిలో ఇంటికీ ఇంటికీ తాడు కట్టుకుని నడిచాం. షెడ్డుకి కుమారి రాలేదు. నిన్నా రాలేదు. జలుబనుకున్నాను. మధ్యాహ్నం చారు పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. నిజం చెప్పాలంటే పిల్లని చూడడానికి కాదు, గవరయ్య ఎలా ఉన్నాడో చూడడానికి.

గవరయ్య పొయ్యి ముందు కుర్చీ వేసుకుని, కాళ్ళు చాపి, శుభ్రంగా ఉన్నాడు. మొహంలో రంగు కూడా వచ్చింది. కుమారి తిన్నె మీద, గోడ వైపు, దుప్పట్లన్నీ కప్పుకుని పడుకుని ఉంది. నేను తిన్నె మీద చెయ్యి పెట్టాను. బండరాయి. గోడ మూలలో తెల్లగా మంచు పొడి పట్టి ఉంది. కాలి మీద దుప్పటి తీస్తే వేళ్ళు నల్లబడి ఉన్నాయి.

ఇక్కడ ఒక పద్ధతి ఉంది. చదివే కొత్తవాళ్ళు బాగా గుర్తుపెట్టుకోండి. తిన్నె మీద గోడ వైపు ఇంట్లో పెద్దవాళ్ళు పడుకోవాలి. చలి ముందు పెద్ద ఒంటికి తెలుస్తుంది, పెద్దవాళ్ళు మొహమాటం లేకుండా లేచి గోడ కొడతారు. పడుచువాళ్ళు పళ్ళ బిగువున ఓర్చుకుంటారు. ఊరంతా చేసే పని ఇదే కాబట్టి గవరయ్య కూడా అక్కడే పడుకుంటాడనుకున్నాను. కానీ ఈ పద్ధతి కొత్తవాళ్ళకి చెప్పాల్సింది వియ్యపురాలే. వాడితో ఒక్క మాట ఎక్కువ మాట్లాడడం ఇష్టం లేక నేను చెప్పలేదు. మంచి చోటు కూతురికి ఇచ్చానని వాడనుకున్నాడు. నాన్న కొత్త ఇల్లని మురిసిపోతున్నాడు, చెడగొట్టడం దేనికని పిల్ల చలి సంగతి దాచింది.

"ఒక్కసారైనా తిన్నె మీద చెయ్యెట్టి సూసినావా?" అని గవరయ్యని అడిగాను.

"వెచ్చగానే ఉన్నాది నాన్నా అందమ్మా. అదే అంది. నాకేటి తెలుస్తాది?"

సిగ్గుపడ్డానని ఇక్కడ రాస్తే చదవడానికి బాగుంటుంది. సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది కోపమే. వీడు మళ్ళీ హీటరు పక్కనే కూర్చున్నాడు. మళ్ళీ చూడలేదు. నేను వాడి కోసం పంపిన చలిని కూడా ఇంకొకళ్ళ మీదకి తోసేసి తను వెచ్చగా ఉన్నాడు.

పరుగెత్తి జగ్గమ్మని నేనే పిలుచుకొచ్చాను.

మార్గశిర బహుళ తదియ

కుమారి ఎడమ కాలికి చిటికెన వేలూ దాని పక్క వేలూ తియ్యాల్సొచ్చింది. జగ్గమ్మే తీసింది. పిల్ల చెయ్యి నేను పట్టుకున్నాను. అరవలేదు, నా మణికట్టు మీద గోళ్ళు దిగాయి. ఆ గుర్తులు ఇంకా ఉన్నాయి, ఉండాలి.

తర్వాత జగ్గమ్మ నా ఇంటికి వచ్చి పొయ్యి మూత చూసింది. నేను దాన్ని వెనక్కి తిప్పలేదు, దాచాలనిపించలేదు. నేనే చేశాను అన్నాను. పొగ మళ్ళించినవాళ్ళని కొండ దింపెయ్యడం ఇక్కడి శిక్ష. కానీ మంచులో ఎవరినీ దింపరు. తీర్పు కరిగే రోజున, చలి ఎవరికి పెట్టారో వాళ్ళే చెప్పాలి.

"ఎందుకు సేసినావే?" అంది జగ్గమ్మ.

"పాత సంగతులు ఎత్తకూడదన్నావు కదా."

ఆవిడ చేతికంటిన మసి కొంగుకి తుడుచుకుంది. ఆ పిల్లని నీ తిన్నె మీద పెట్టుకో, నువ్వే చూడు అని వెళ్ళిపోయింది. జంట మాత్రం మార్చనంది. మంచు మధ్యలో జంట మారిస్తే ఊళ్ళో నమ్మకం ఉండదట.

కుమారిని నా ఇంటికి తెచ్చుకున్నాను. ఇప్పుడు ఆమె పడుకునేది తండ్రి నిప్పు మీద. గవరయ్య ఒంటరిగా మిగిలాడు. వాడు పడుకునేది నా నిప్పు మీద. ఈ లెక్క నాకు నెమ్మదిగా బోధపడింది.

సాయంత్రం వాడి ఇంటికి వెళ్ళి ఎదురుగా నిలబడి ముసుగు వేసుకున్నాను. కళ్ళు తప్ప ఏమీ కనపడకుండా, ఆరోజు లాగే.

"తీగబండి కాడ దీపం ఊపినోడు సూరిబాబు. నాను ఆడి అప్పని."

పాత సంగతి ఎత్తకూడదన్న కట్టుబాటు అలా తప్పాను. అదీ కరిగే రోజున ఒప్పుకుంటాను. గవరయ్య అడిగిన మొదటి మాట, కుమారికి చెప్పీసినావా అని. చెప్పలేదు, చెప్పను, నువ్వే చెప్తావు అన్నాను. తర్వాత నన్ను చంపీయమ్మా అన్నాడు. అంత తేలిగ్గా వదిలిపెడతానని ఎలా అనుకున్నాడో.

పుష్య శుద్ధ దశమి

మూత పూర్తిగా తెరిచాను. ఎండిన నీలగిరి దుంగలు, నా వాటాలో మంచివన్నీ, వాడి కోసమే వేస్తున్నాను. గోడ తాకితే చెయ్యి చురుక్కుమంటోంది. కట్టె మోయలేక భుజాలు పడిపోతున్నాయి, అయినా ఇంత హుషారుగా నేను ఎప్పుడూ కట్టె కొట్టలేదు. వెచ్చదనం కోసమే కదా నా తమ్ముణ్ణి అక్కడ వదిలేశాడు. తీసుకో వెచ్చదనం. ఎంత కావాలంటే అంత.

రోజూ దీపాలు పెట్టే వేళకి గోడ కొడతాను.

"వెచ్చగా ఉందా, అన్నయ్యగారూ?"

మొదట్లో జవాబు వచ్చేదాకా కొడుతూనే ఉన్నాను. వియ్యాలవారు అడిగితే జవాబు చెప్పాలి, అది మర్యాద. చివరికి ఉన్నాది అని సన్నగా వినిపించింది. నిన్న మంచు తొయ్యడానికి వెళ్ళి కిటికీలోంచి చూశాను. గవరయ్య తిన్నె మీద లేడు, గుమ్మం పక్కన గోనె పరుచుకుని కూర్చున్నాడు. తలుపు తట్టి, కట్టుబాటు ప్రకారం పెద్దవాళ్ళు తిన్నె మీదే పడుకోవాలి అని చెప్పాను. ఈ ఇంట్లో పెద్ద నువ్వే కదా అన్నాను. తొలి మంచు నాడే చెప్పాల్సిన మాట ఇప్పుడు చెప్పాను.

తన పొయ్యి ఆర్పేసి పారిపోదామంటే వాడికి వీల్లేదు. గోడకి ఇవతల వాడి నిప్పు మీద కూతురు పడుకుని ఉంది.

కుమారి కర్ర పట్టుకుని గదిలో తిరుగుతోంది. రోజూ గోడ కొట్టి ఏంటి అత్తా ఆ వేళాకోళం, ఇన్నాళ్ళకి అల్లరి నేర్చుకున్నారా అని నవ్వింది. ఆ నవ్వు విన్న రోజే మూత సంగతి చెప్పేశాను. నా వల్లే నీ వేళ్ళు పోయాయి, మీ నాన్న మీద పగతో చేశాను అన్నాను. ఏం పగ అని అడిగింది. అది మీ నాన్న చెప్పాలి అన్నాను. పిల్ల రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు పులుసులో ఉప్పు తక్కువైందని తిట్టింది. అక్కడినుంచి మాట్లాడుతోంది, గలగలా మాత్రం కాదు.

మాఘ శుద్ధ పంచమి

గవరయ్య జగ్గమ్మ దగ్గరికి వెళ్ళి జంట మార్చమని అడిగాడట. ఎందుకు, నీ వియ్యపురాలు నిప్పు సరిగా వెయ్యడం లేదా అని ఆవిడ అడిగితే, బాగా వేస్తోందమ్మా అని ఏడ్చాడట. జగ్గమ్మ నాకు చెప్పి నవ్వలేదు. నాకు మాత్రం కడుపు నిండినట్టయింది.

ఇవాళ గోడ కొట్టి అడిగితే వాడు వేరే మాట చెప్పాడు.

"అసిరమ్మా, నిద్రట్టడం నేదు. కొంచెం తగ్గించు తల్లీ."

ఒక దుంగ ఎక్కువ వేశాను.

చావు కోరుకున్నానని పైన రాశాను. ఇప్పుడు వద్దు. చచ్చిపోతే దీపం కనపడలేదన్న వాడి మాటే నిలిచిపోతుంది. అది వాడి నోటితోనే వెనక్కి రావాలి, అందరి ముందూ రావాలి. సూరిబాబు దీపం వెలిగించాడని ఈ ఊరంతా వినాలి.

ఫాల్గుణ శుద్ధ విదియ

కప్పు అంచునుంచి నీళ్ళు కారుతున్నాయి. సభ ఇంటి గంట కొట్టారు. మంచు కరిగే రోజు వచ్చింది.

ఈ రోజు అందరూ వీధిలోకి వస్తారు. ఎవరి నిప్పుతో చలికాలం గట్టెక్కామో, ఆ ఇంటి గుమ్మం ముందు నిలబడి గట్టిగా చెప్పాలి. దాన్ని నిప్పు చెప్పుకోవడం అంటాం. అది విన్నాక వియ్యంకులు తమ పొయ్యిలోంచి ఒక నిప్పు కణిక తీసి ఇస్తారు. కొత్తవాళ్ళు ఆ కణికతో పొయ్యి వెలిగించుకుంటేనే వాళ్ళు ఊరి మనుషులవుతారు. అబద్ధం కలిపి చెప్పిన నిప్పు నిలవదని మా నమ్మకం.

నా వంతు ముందు వచ్చింది. గవరయ్య గుమ్మం ముందు నిలబడి, ఈ చలికాలం గవరయ్య నిప్పుతో బతికాను అన్నాను. ఆ మాట అనడం ఇష్టం లేదు, అయినా అది నిజం. నేను పొగ మళ్ళించాను, కుమారి వేళ్ళు పోయింది నా వల్ల, కరిగేలోపు పాత సంగతి కూడా ఎత్తాను, ఏ శిక్షకైనా సిద్ధం అని కూడా చెప్పాను. నేను తల దించలేదు.

తర్వాత గవరయ్య నా గుమ్మం ముందుకి వచ్చాడు. బాగా చిక్కిపోయాడు, కానీ చలికి కాదు. కుమారి కర్ర మీద ఆనుకుని నా పక్కన నిలబడి ఉంది. వాడు కూతుర్ని చూశాడు, నన్ను చూశాడు.

"ఈ సలికాలం అసిరమ్మ నిప్పుతో బతికినాను" అని ఆగాడు. వెనక్కి తిరిగి పోతాడేమో అనుకున్నాను. అందరికంటే ముందు కుమారి అంది, ఇంకా ఉంది కదా నాన్నా అని.

"తీగబండి కాడ దీపం ఊగినాది. నాకు కనపడ్నాది. బండి ఎక్కించడానికి కరెంటున్నాది. హీటరు ఆరిపోతాదని పంపనేదు. ఆ కుర్రోడు తాగినేదు. దీపం ఎలిగించినాడు."

రెండేళ్ళుగా నేను ఎదురుచూసిన మాట అది. సూరిబాబూ, విన్నావురా అని బయటికే అనేశాను. ఏడ్చాను కూడా. మనసు చల్లబడిందా అని జగ్గమ్మ తర్వాత అడిగింది. లేదు. నిజం బయటికొచ్చిందంతే, తమ్ముడు తిరిగి రాలేదు.

తీర్పు కుమారి చెప్పాలి. చలి పెట్టింది ఆమెకి. ఆమె తండ్రి వైపు చూడలేదు.

"ఎవురినీ కొండ దింపొద్దు. నాకు వేరే ఇల్లు ఇవ్వండి, వేరే జంట ఇవ్వండి. వీళ్ళిద్దరూ మాత్రం ఈ గోడకే ఉండాల. బతికినన్నాళ్ళూ మార్చొద్దు."

గవరయ్య అక్కడే మంచు బురదలో కూర్చుండిపోయాడు. జగ్గమ్మ సరే అంది. పిల్ల నాక్కూడా శిక్ష వేశాననుకుంది. నిజమే, నేను కూడా బతికినన్నాళ్ళూ వాడి నిప్పు మీదే పడుకోవాలి. కానీ నన్నడిగితే నేను కోరుకునేది కూడా అదే.

నా పొయ్యిలోంచి మొదటి కణిక కుమారి చట్టిలో వేశాను. కర్ర ఊతంతో ఆమె పైవీధికి నడిచి వెళ్ళి, కొత్త ఇంట్లో పొయ్యి వెలిగించుకుంది. పొగ తిన్నగా లేచింది. రెండో కణిక గవరయ్యకి ఇచ్చాను. చట్టి నేనే సరిగ్గా పట్టించాను, ఒక్క నిప్పురవ్వ కూడా కింద పడకుండా.

చదివే కొత్తవాళ్ళకి చివరగా కొన్ని జాగ్రత్తలు. కట్టె ఎండనిచ్చి వెయ్యండి. పొగ మూత పూర్తిగా తెరవండి. పెద్దవాళ్ళని గోడ వైపు పడుకోబెట్టండి, రోజూ తిన్నె మీద చెయ్యి పెట్టి చూడండి, వెచ్చగా ఉందన్న మాట నమ్మి ఊరుకోవద్దు.

కరిగే రోజు దాటాక పొయ్యి అంత వెయ్యక్కర్లేదు, చలి తగ్గిపోయింది. అయినా ఈ సాయంత్రం రెండు దుంగలు ఎక్కువ వేసి, గోడ కొట్టి అడిగాను. వాడు ఉన్నాది అన్నాడు. వచ్చే చలికాలానికి కట్టె రేపటినుంచే కొట్టడం మొదలుపెడతాను.